మున్సిపల్ పాఠశాలలో 500 మందికి పునరావాస కేంద్రం: ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరు తీరప్రాంతపు పట్టణంలో వార్డు సచివాలయ కార్యదర్శిగా పనిచేస్తున్నారు. మీ వార్డులోని 14 గదుల మున్సిపల్ ఉన్నత పాఠశాలను తుఫానుల కాలానికి పునరావాస కేంద్రంగా గుర్తించారు. కాలువ గట్టు మీది రెండు వీధుల నుంచి సుమారు 500 మంది రావచ్చని అంచనా వేశారు. సమావేశాల్లో అందరూ భోజనాల గురించే మాట్లాడుతున్నారని, మిగిలిన పనుల్లో ఏది ముందు, ఏది వెనుక అన్నది ఎవరూ చెప్పడం లేదని రాశారు.

సూటిగా చెబుతాను. భోజనాల సంగతి అన్నిటికన్నా చివర చూసుకోవచ్చు. పట్టణంలో అన్నం ఏదో ఒక వైపు నుంచి వస్తుంది. మరుగుదొడ్లు, వాటికి సరిపడా నీళ్లు, గేటు దగ్గర రిజిస్టరు, రాత్రి కాపలా అనే నాలుగూ మొదటి కుటుంబం గేటు దాటి లోపలికి రాకముందే సిద్ధంగా ఉండాలి. జనం వచ్చాక వీటిని కుదర్చడం చాలా కష్టం. మరొక మాట కూడా ముందే చెప్పాలి: మీ పాఠశాలలో 500 మంది పట్టరు. రెండో భవనాన్ని ఈ వారంలోనే చూసి పెట్టుకోండి.

నేను రెవెన్యూ శాఖలో పనిచేశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు ఆ నగరంలో ఒక కేంద్రాన్ని, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు ప్రత్యేక విధుల మీద వెళ్లి మరొక కేంద్రాన్ని నడిపాను. కింద రాసేదంతా ఆ రెండు చోట్లా నేను చూసినదీ, చేసిన పొరపాట్ల వల్ల నేర్చుకున్నదీ.

ఎంతమంది పడతారు? విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 12వ సెక్షను ప్రకారం జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ సహాయ శిబిరాలకు కనీస ప్రమాణాలు నిర్ణయించింది. అందులో ఒక్కొక్కరికి కప్పు కింద 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలని ఉంది. మీ తరగతి గది 6 మీటర్లకు 8 మీటర్లు అనుకుంటే 48 చదరపు మీటర్లు. అంటే గదికి 13 మంది. పద్నాలుగు గదుల్లో ఒకటి సామాన్లకు, ఒకటి ఏఎన్ఎం (వార్డు ఆరోగ్య కార్యకర్త) కూర్చోవడానికీ మందులకూ, ఒకటి బాలింతలకూ పాలిచ్చే తల్లులకూ వదిలేస్తే పదకొండు మిగులుతాయి. పదకొండు పదమూళ్లు 143. తుఫాను తీరం దాటే ఆ ఒక్క రాత్రికి ఇరుక్కుని పడుకుంటారనుకుని గదికి 24 మందిని ఉంచినా 264 మందికి మించదు. వరండాను లెక్కలో వేసుకోకండి. గాలివానలో వరండా మొత్తం తడిసిపోతుంది.

అందుచేత దగ్గరలోని కల్యాణ మండపాన్నో, కమ్యూనిటీ హాలునో ఇప్పుడే వెళ్లి చూడండి. అవసరమైనప్పుడు భవనాలనూ వాహనాలనూ స్వాధీనం చేసుకునే అధికారాన్ని ఆ చట్టంలోని 65వ సెక్షను ఇస్తుంది, తర్వాతి సెక్షను ప్రకారం యజమానికి పరిహారం కూడా ఉంటుంది. అయితే ఆ కాగితం పట్టుకుని తుఫాను ముందురోజు సాయంత్రం మండపం యజమాని ఇంటికి వెళ్లడం కన్నా, నెల ముందు మీ కమిషనరు ద్వారా లేఖ పంపించి, ఆయనతో కూర్చుని తాళం ఎవరి దగ్గర ఉంటుందో, జనరేటరుకు డీజిలు ఎవరు పోస్తారో మాట్లాడుకోవడం మేలు. మండపంలో ఇంకొక సౌలభ్యం ఉంది. వంటశాల, పెళ్లివారి గదులకు ఆనుకుని మరుగుదొడ్లు, నీళ్ల ట్యాంకు అన్నీ పెద్ద జనాన్ని దృష్టిలో పెట్టుకునే కట్టి ఉంటాయి. నా అనుభవంలో మూడు రోజులు దాటే బసకు పాఠశాల కన్నా మండపమే నయం. లోటల్లా ఒక్కటే, పెద్ద హాలులో కుటుంబానికి చాటు ఉండదు; తాళ్లు కట్టి దుప్పట్లు వేలాడదీసి అడ్డు కట్టాలి.

మరుగుదొడ్లు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను అతి పెద్ద తప్పు చేసింది ఇక్కడే.

ప్రమాణం ప్రకారం ముప్పై మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. విశాఖలో మేమున్న పాఠశాలలో లెక్కకు సరిపోయినన్ని ఉన్నాయి, నేను సంతృప్తి పడ్డాను. మూడో రోజు తెల్లవారుజామున ఒకామె వచ్చి, ‘పంపు దగ్గర నేల నానిపోయి వాసన వస్తోందండీ’ అంది. వెళ్లి చూస్తే సెప్టిక్ ట్యాంకు మూత చుట్టూ నీరు బుడగలు కడుతూ పైకి వస్తోంది. అది కొళాయికి పది అడుగుల దూరంలో ఉంది. ఎవరో ముందే లేచి, ఆ బురద మీద ఇటుకలు పేర్చి దారి కట్టారు. పిల్లలు ఆ ఇటుకల మీద నడిచి వెళ్లి కొళాయి కింద బాటిళ్లు పట్టుకుంటున్నారు. సెప్టిక్ ట్యాంకు లారీ కోసం ఫోను చేద్దామంటే టవర్లు పడిపోయాయి, మనిషిని పంపిద్దామంటే రోడ్ల మీద చెట్లు. లారీ వచ్చేసరికి మరుసటి రోజు మధ్యాహ్నమైంది. ఆ రోజంతా ఆ మరుగుదొడ్లకు తాళం వేసి, పక్క వీధిలోని ఇళ్లవాళ్లను బతిమాలి ఆడవాళ్లను అక్కడికి పంపించాను.

తర్వాత కూర్చుని లెక్క వేస్తే అందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదని తెలిసింది. మరుగుదొడ్లకూ చేతులు కడుక్కోవడానికీ మనిషికి రోజుకు 15 లీటర్లు అనుకుంటే 300 మందికి 4,500 లీటర్లు. మనం ట్యాంకరుతో లోపలికి తెచ్చిన నీరంతా ఏదో ఒక రూపంలో ఆ గోతిలోకే వెళ్తుంది. పగటిపూట అయిదారు గంటలు మాత్రమే పిల్లలు వాడే ట్యాంకు మీద రాత్రింబవళ్లు పెద్దల వాడకం పడితే అది నిండిపోక ఏమవుతుంది! పైగా వానకు నేల నానిపోయి ఉన్నందువల్ల ట్యాంకు నుంచి నీరు ఇంకే దారి కూడా ఉండదు. కాబట్టి తుఫాను హెచ్చరిక వచ్చిన రోజునే సెప్టిక్ ట్యాంకును ఖాళీ చేయించండి, కేంద్రం నడిచినన్నాళ్లూ రెండు రోజులకొకసారి మూత తీసి చూడమని శానిటరీ ఇన్‌స్పెక్టరుకు కాగితం మీద రాసి ఇవ్వండి. మొబైల్ టాయిలెట్లు కూడా అడగండి; అవి నగరమంతటికీ పంచుకోవాల్సినవి కాబట్టి, ముందు అడిగినవారికే ముందు అందుతాయి.

మరుగుదొడ్లలో ఎక్కువ వాటిని ఆడవాళ్లకు కేటాయించండి. సమానంగా పంచితే ఆడవాళ్ల వరుస ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది. తలుపుకు లోపలి గడియ పడుతోందా లేదా అన్నది మీరే స్వయంగా ఒక్కొక్క తలుపూ వేసి చూడండి. బడి మరుగుదొడ్లలో సగం గడియలు ఊడి ఉంటాయి. ముప్పై నలభై రూపాయల గడియ అది, కానీ తుఫాను రోజున దుకాణం తెరిచి ఉండదు.

రాత్రి. విజయవాడ కేంద్రంలో రెండో రోజు సాయంత్రం ఏఎన్ఎం నా దగ్గరికి వచ్చి, పదో తరగతి చదివే పిల్లకు మూత్రంలో మంటగా ఉందని, అడిగితే మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగడం మానేసిందని చెప్పింది. చీకటి పడ్డాక అటు వెళ్లాల్సి వస్తుందన్న భయంతో మానేసిందట. కనుక్కుంటే ఆ పిల్ల ఒక్కతే కాదు, ఆ గదిలోని ఆడవాళ్లందరూ అదే పని చేస్తున్నారు. మరుగుదొడ్లకు వెళ్లే దారిలో ముప్పై అడుగుల మేర దీపం లేదు. అక్కడే ప్రహరీ గోడ మీద కుర్రాళ్లు కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ సాయంత్రమే జనరేటరు నుంచి వైరు లాగి రెండు బల్బులు పెట్టించాం, గోడ దగ్గరి జాగాను మోటారు సైకిళ్ల పార్కింగుకు ఇచ్చేశాం, మహిళా పోలీసు కుర్చీని గేటు దగ్గరి నుంచి తీసి ఆ దారి మొదట్లో వేయించాం. మర్నాడు నీళ్ల క్యాన్లు ముందురోజు కన్నా ముందే ఖాళీ అయ్యాయి. కేంద్రం బాగా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇప్పుడు నేను ముందుగా చూసేది అదే: సాయంత్రం పూట ఆడవాళ్లు నీళ్లు తాగుతున్నారా?

శానిటరీ నాప్‌కిన్లు అడిగి తీసుకునే వస్తువుగా ఉంచకండి. ఆశా కార్యకర్త చేత గదిగదికీ పంపించండి, వాడినవి వేయడానికి మూత ఉన్న డబ్బా మరుగుదొడ్డి లోపలే పెట్టించండి.

నీళ్లు. తాగడానికి మనిషికి రోజుకు 3 లీటర్లు కనీసం. క్యాన్లు ఎంత వచ్చినా వాటి మీదే ఆధారపడకండి, ట్యాంకును కూడా కాపాడుకోవాలి. పైట్యాంకు నింపే మోటారుకు కరెంటు కావాలి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటరు మోటారును నడపగలదా లేదా అన్నది ఇప్పుడే ఒకసారి తిప్పి చూడండి. ఫ్యాన్లూ దీపాలూ వెలిగించే చిన్న జనరేటరు మోటారు మొదలయ్యేటప్పుడు పడే భారానికి ఆగిపోతుంది. ట్యాంకరు నీటికి బ్లీచింగ్ కలిపారని డ్రైవరు చెప్పిన మాట మీద ఉండిపోకుండా, నీటిలో క్లోరిను ఎంత ఉందో చూపే క్లోరోస్కోపు తెప్పించి కొళాయి చివర పరీక్షించండి. చుక్కల మందు వేస్తే లేత పసుపు రంగు రావాలి. లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల దాకా క్లోరిను మిగిలి ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. రంగే రాకపోతే ఆ నీరు తాగడానికి పనికిరాదని బోర్డు పెట్టి, వాడుకకు మాత్రమే వదలండి.

రిజిస్టరు. చూడటానికి గుమాస్తా పని, కానీ నష్టపరిహారం దగ్గరికి వచ్చేసరికి పేదవాడికి అదే ఆధారమవుతుంది. 2024లో విజయవాడ వరద తర్వాత మునిగిన ఇళ్లలో కింది అంతస్తువారికి 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు ప్రభుత్వం ప్రకటించింది. సింగ్‌నగర్ ప్రాంతంలో ఒకే డోరు నంబరు మీద మూడు నాలుగు కుటుంబాలు ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. మా రిజిస్టరులో మొదట పేరు, ఆధార్ నంబరు, రేషన్ కార్డు నంబరు, అంతే రాశాం. నాలుగో రోజుకు గొడవలు మొదలయ్యాయి. ఈ కుటుంబం కింది అంతస్తులో ఉండేదా, మేడ మీదా? సొంత ఇల్లా, అద్దెకా? ఇంటి యజమాని ఒక మాట, అద్దెకున్నవాళ్లు ఒక మాట. కాగితాలన్నీ నీళ్లలో పోయిన మనిషి చేతిలో ఏ ఆధారమూ లేదు. అప్పుడు మళ్లీ గదిగదికీ తిరిగి రాసుకున్నాం, అప్పటికే కొందరు బంధువుల ఇళ్లకు వెళ్లిపోయారు.

కాబట్టి మొదటి రాత్రే ఈ గడులు గీయండి: కుటుంబ పెద్ద పేరు, వచ్చినవాళ్ల సంఖ్య, వీధి, డోరు నంబరు, ఏ అంతస్తు, సొంతమా అద్దెనా, ఫోను నంబరు, మందులు వాడేవారెవరు, వచ్చిన తేదీ, సమయం, వెళ్లిన తేదీ, సమయం. కార్డు లేదన్న కారణంతో ఎవరినీ గేటు దగ్గర ఆపకండి. పట్టణాల్లో ఒడిశా నుంచీ బిహారు నుంచీ వచ్చిన కూలీలు, కొత్తగా అద్దెకు దిగినవారు, పేవ్‌మెంటు మీద బతికేవారు ఉంటారు. వారికి స్థానికంగా ఏ కాగితమూ ఉండదు, ముంపు మాత్రం అందరికన్నా ముందు వారికే తగులుతుంది. గుర్తింపు కాగితం గడిని ఖాళీగా వదిలి మిగతావి నింపండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. తుఫానులప్పుడు కేంద్రాల నుంచి ఇంటికి వెళ్లే కుటుంబాలకు ప్రభుత్వం కొంత నగదు ఇవ్వడం కొన్నేళ్లుగా జరుగుతోంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానప్పుడు కుటుంబానికి 2,500 రూపాయలు ఇచ్చారు. ఆ కబురు తెలిసిన గంటలో, ఒక్క పూట కూడా కేంద్రంలో ఉండనివారి పేర్లు చేర్చమని మీ మీద ఒత్తిడి వస్తుంది. అడిగేవారిలో మీరు కాదనలేని పెద్దలూ ఉంటారు. ప్రతి రాత్రి తొమ్మిది గంటలకు తలలు లెక్కపెట్టి, ఆ పేజీ చివర గీత గీసి, మీరూ ప్రధానోపాధ్యాయులూ మహిళా పోలీసూ సంతకాలు చేయండి. ఆ పేజీని ఫొటో తీసి తహసీల్దారు కార్యాలయానికి అదే రాత్రి పంపండి. గీత గీసిన పేజీలో పేరు చేర్చమని ఎవరూ అడగలేరు, మీరూ ఎవరితోనూ వాదించాల్సిన పని ఉండదు.

గదులు కేటాయించేటప్పుడు వీధి ప్రకారం కేటాయించండి. ఇరుగుపొరుగులు ఒకే గదిలో ఉంటే పిల్లల మీద పది కళ్లు ఉంటాయి, సామాను పోదు. కులం పేరు చెప్పి గది మార్చమని అడిగేవారు ఎదురవుతారు. నేను ఒక్కసారి కూడా మార్చలేదు, మీరూ మార్చకండి. ఒక్కరికి ఒప్పుకుంటే తెల్లవారేసరికి కేంద్రమంతా గీతలు పడిపోతాయి. వృద్ధులనూ, గర్భిణులనూ, నడవలేనివారినీ మరుగుదొడ్లకు దగ్గరగా ఉన్న గదుల్లో పెట్టండి. హిజ్రాలు వస్తే ఏ గదిలో ఉంటారో, ఏ మరుగుదొడ్డి వాడతారో వారినే అడగండి.

ఏఎన్ఎం చేత మొదటి పూటే ఒక చిన్న జాబితా రాయించండి: డయాలసిస్‌కు వెళ్లేవారు, ఇన్సులిన్ వేసుకునేవారు, క్షయకు మందులు మింగేవారు, ఫిట్స్ మందులు వాడేవారు, నెలలు నిండినవారు. డయాలసిస్ రోగికి వాహనం దొరకడం ఒక రోజు ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. అతని తరువాతి తేదీని మీ బల్ల మీది కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించుకోండి.

ఇక భోజనం. పట్టణంలో వచ్చే సమస్య కొరత కన్నా ఎక్కువగా, ఒకేసారి వచ్చిపడటం. హోటళ్లు, దేవాలయాలు, యువజన సంఘాలు, అపార్టుమెంటు వాళ్లు అందరూ మధ్యాహ్నం ఒంటిగంటకే పొట్లాలతో వస్తారు. రాత్రి ఎనిమిదికి ఎవరూ ఉండరు. మంచి మనసుతో వచ్చినవారిని నొప్పించకుండా, ఒక తెల్ల బోర్డు మీద ఏ పూటకు ఎన్ని పొట్లాలు కావాలో, ఎవరు ఒప్పుకున్నారో రాసి గేటు బయట పెట్టండి. వారే చూసుకుని ఖాళీగా ఉన్న పూటను తీసుకుంటారు. వండిన సమయం అడిగి డబ్బా మీద రాయనిదే లోపలికి రానివ్వకండి. సాంబారన్నం, పెరుగన్నం మూత బిగించిన పొట్లంలో నాలుగు గంటలు దాటితే నమ్మడానికి లేదు. పులిహోర ఇంకొంతసేపు ఆగుతుంది. గోడ మీది నుంచి, వ్యాను మీది నుంచి పొట్లాలు విసరడాన్ని కచ్చితంగా ఆపండి. అది తోపులాటకు దారితీయడం ఒకటి. నిన్నటిదాకా తన ఇంట్లో తన వంట తాను వండుకున్న మనిషిని అలా చేతులు చాపి నిలబెట్టడం మరొకటి.

రెండో రోజు నుంచి మధ్యాహ్న భోజన కార్మికులతో అక్కడే వండించగలిగితే అన్నిటికన్నా మంచిది. కేంద్రంలో ఉన్న ఆడవాళ్లే కూరలు తరగడానికి ముందుకొస్తారు, వారి చేతికీ ఒక పని దొరుకుతుంది. పసిపిల్లలకు పాలు వేరే ఇండెంటు (సరుకులు కోరే కాగితం)గా పెట్టండి, లేకపోతే అవి టీలోకి పోతాయి.

ఫోను ఛార్జింగుకు ఒక బల్ల, పది ప్లగ్గుల బోర్డు, ఒక మనిషి, చీటీల పుస్తకం ఏర్పాటు చేయండి. వేరే ఊళ్లో ఉన్న కొడుకు గొంతు విన్న తల్లి ఆ రాత్రి నిద్రపోతుంది. రోజుకు రెండుసార్లు, ఉదయం ఎనిమిదికీ సాయంత్రం ఆరుకూ, మైకులో తెలిసిన సమాచారం చెప్పండి: నీరు ఎంత తగ్గింది, కరెంటు ఏ వీధికి వచ్చింది, నష్టం రాసుకునేవారు ఎప్పుడు వస్తారు. కొత్త సమాచారం లేకపోతే లేదనే చెప్పండి. నష్టం రాసుకునేవారు ఎప్పుడు వస్తారో తెలియకనే విజయవాడలో మా కేంద్రంలోని మగవాళ్లు, ఇంటి దగ్గర లేకపోతే పేరు రాయరేమోనని, రోజూ నడుము లోతు నీళ్లలో వెళ్లి గుమ్మం ముందు నిలబడేవారు.

అసలు కొందరు కేంద్రానికే రారు, దానికి సిద్ధంగా ఉండండి. బుడమేరు వరదలో ఎంతోమంది మేడల మీదే ఉండిపోయారు. సామాను దొంగల పాలవుతుందని ఒకరు, గేదెను వదలలేక ఒకరు, మంచం పట్టిన ముసలాయనను మెట్లు దింపలేక ఒకరు. బలవంతం చేసే ముందు ఆ కారణాన్ని అడగండి. వీధికి ఇద్దరు పోలీసులు కాపలా ఉంటారని చెప్పగలిగితే, పశువులకు ఎత్తయిన చోట జాగా చూపగలిగితే, స్ట్రెచరు పంపగలిగితే సగం మంది కదులుతారు.

మూసివేత గురించి మీరు అడగలేదు, కానీ అది కూడా మొదటి రోజే ఆలోచించాల్సిన పని. బల్లలూ కిటికీలూ బోర్డులూ ఎలా ఉన్నాయో జనం రాకముందే ఫొటోలు తీసి ప్రధానోపాధ్యాయులకు ఒక ప్రతి ఇవ్వండి. సైన్సు గదికీ కంప్యూటర్ల గదికీ తాళాలు వేసి సీలు పెట్టండి. నీరు తీసిన రోజునే ఖాళీ చేయించడానికి తొందరపడకండి. ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు ఉంటే ఎవరూ కాపురం చేయలేరు. అగ్నిమాపక వాహనంతో ఏ వీధి కడిగించారో, ఏ వీధికి కరెంటు ఇచ్చారో చూసుకుని వీధివారీగా పంపండి. చివరికి నాలుగైదు కుటుంబాలు మిగులుతాయి. వాళ్లు కావాలని ఉండిపోయినవాళ్లు కారు, గోడ కూలినవాళ్లో, యజమాని మళ్లీ అద్దెకు ఇవ్వనన్నవాళ్లో. వారిని కమ్యూనిటీ హాలుకు మార్చి, వారి సంగతి ప్రత్యేక నివేదికగా తహసీల్దారుకు రాసి, దాని నకలు వారి చేతికి కూడా ఇవ్వండి. ఆ తర్వాత సెప్టిక్ ట్యాంకును మరొకసారి ఖాళీ చేయించి, పైట్యాంకు కడిగించి క్లోరిను పట్టించి, గదులన్నీ బ్లీచింగుతో కడిగి ఒక రోజంతా ఆరనిచ్చి, అప్పుడు తాళాలు ప్రధానోపాధ్యాయులకు అప్పగించి రిజిస్టరులో ఆయన సంతకం తీసుకోండి.